బరంపురం ఆసుపత్రికి రెండు నోడ్ల డేటాబేస్: డీబీసీఏలో ఏ తెర దగ్గర ఆగాలి

ఒరాకిల్ రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ డేటాబేస్‌ని, అంటే ఒకే డేటాబేస్‌ని రెండు మూడు సర్వర్లు (వీటినే నోడ్లంటారు) కలిసి నడిపే, మనమంతా ర్యాక్ అని పిలిచే ఏర్పాటుని, డీబీసీఏతో తయారు చేయడం చూడటానికి తేలికే. డీబీసీఏని, అంటే డేటాబేస్ కాన్ఫిగరేషన్ అసిస్టెంట్‌ని తెరిస్తే ఒకదాని తర్వాత ఒకటి తెరలు వస్తాయి. ప్రతి గడిలో ఏదో ఒక విలువ ముందే నింపి ఉంటుంది, కింద నెక్స్ట్ బటన్ ఉంటుంది. ఏమీ చదవకుండా నొక్కుకుంటూ పోయినా చాలాసార్లు డేటాబేస్ లేచి కూర్చుంటుంది. కాకపోతే ఆ తెరల్లో ఇచ్చిన జవాబుల్లో కొన్నింటిని రేపు ఒక్క కమాండ్‌తో మార్చుకోవచ్చు, కొన్ని మాత్రం ఆ డేటాబేస్ బతికున్నన్నాళ్లూ మనల్ని వదలవు. ఏది ఏ రకమో ముందే తేల్చుకుని తెర ముందు కూర్చోవాలి. గంజాం జిల్లా బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేసిన పనిలో ఈ తేడా అడుగడుగునా పనికొచ్చింది. అందుకే ఆ కేసు వివరంగా రాస్తున్నాను.

బరంపురం ఒడిశాలోనే ఉన్నా, ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లకు శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే. అక్కడి నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లు ఈ ఆసుపత్రికి చాలామంది. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల పాటు మెషీన్ మీద ఉండాలి. ఏ బెడ్ ఎవరికి, ఎన్ని గంటలకి, పోయినసారి బరువు ఎంత, రక్తపరీక్షలో ఏం వచ్చింది అన్నదంతా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. అదంతా ఒకే ఒక్క పాత సర్వర్ మీద, ఒరాకిల్ 11జీలో నడిచేది. సర్వర్ ఆగిందంటే నర్సులు నోటు పుస్తకం తీసి స్లాట్లు రాసుకునేవారు. తెల్లవారుజామున రైలెక్కి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "సిస్టమ్ రాలేదు, ఆగండి" అనడం ఎంత కష్టమో వాళ్లే చెప్పారు. పర్లాకిమిడి, గుణుపురం శాఖల బిల్లింగ్ కూడా ఇదే సర్వర్ మీద ఆధారపడి ఉండేది.

నన్ను పిలిచేసరికి క్లస్టర్ పని ఒకసారి మొదలై మధ్యలో ఆగిపోయి ఉంది. అంతకుముందు వచ్చిన ఒక వెండర్ రెండు సర్వర్లు, అవి రెండూ పంచుకునే ఒక సాన్ స్టోరేజీ, ఒరాకిల్ 19సీ లైసెన్సులు అమ్మి, క్లస్టర్‌ని నడిపే గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వరకు ఎక్కించి వదిలేశారు. లైసెన్సులు ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌వి, ర్యాక్ ఆప్షన్‌తో సహా కొన్నవి. ఈ సంగతి మొదటే చూసుకోవాలి. 19సీ నుంచి స్టాండర్డ్ ఎడిషన్ 2లో ర్యాక్ లేదు, దానితో క్లస్టర్ కడదామని ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. ఇంత సైజు ఆసుపత్రికి ఒక మామూలు డేటాబేస్, దూరంగా దాని నకలుగా ఒక స్టాండ్‌బై ఉంటే చాలన్నది నా అభిప్రాయం. యాజమాన్యానికి ఆ మాటే చెప్పాను. డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది కాబట్టి ఉన్నదాన్ని సరిగ్గా నిలబెట్టమన్నారు. అదీ న్యాయమే.

డీబీసీఏ తెరవకముందు

డీబీసీఏ తనకు తానుగా క్లస్టర్‌ని కట్టదు. కింద క్లస్టర్‌వేర్ (నోడ్లని కలిపి ఉంచే సాఫ్ట్‌వేర్), ఏఎస్ఎం (డిస్కుల్ని చూసుకునే ఒరాకిల్ భాగం), నెట్‌వర్క్ ఎలా ఉంటే దాని మీదే డేటాబేస్‌ని కూర్చోబెడుతుంది. అందుకే మొదట కిందినుంచి తవ్వుకుంటూ వచ్చాం.

రెండు సర్వర్లూ ఒకే స్విచ్‌కి కలిపి ఉన్నాయి. పబ్లిక్ నెట్‌వర్క్ ఆ స్విచ్ మీదే, రెండు నోడ్లు తమలో తాము మాట్లాడుకునే ప్రైవేట్ ఇంటర్‌కనెక్ట్ కూడా ఆ స్విచ్ మీదే. ఆ స్విచ్‌కి కరెంటు వచ్చేది ఫ్రంట్ ఆఫీసు యూపీఎస్ నుంచి. ఆ యూపీఎస్‌కే రిసెప్షన్‌లో ప్రింటర్లు కూడా తగిలించారు. ర్యాక్‌లో ఒక నోడ్ మెమరీలో ఉన్న డేటా బ్లాక్ రెండో నోడ్‌కి కావాలంటే డిస్కు దాకా వెళ్లకుండా ఇంటర్‌కనెక్ట్ మీదుగానే వెళ్తుంది. కాష్ ఫ్యూజన్ అంటే ఇదే. ఆ దారి తెగితే రెండు నోడ్లూ ఎవరికి వారు డేటా రాసేయకుండా క్లస్టర్‌వేర్ ఒక నోడ్‌ని బయటికి పంపేస్తుంది. లైనక్స్ మీద డిఫాల్ట్‌గా 30 సెకన్ల పాటు హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానని చెప్పే సంకేతం, రాకపోతే ఆ నిర్ణయం జరుగుతుంది. రిసెప్షన్ యూపీఎస్ ఒక్కసారి తడబడితే చాలు, రెండు సర్వర్లు పెట్టి ఏం లాభం? ఇంటర్‌కనెక్ట్‌కి రెండు చిన్న స్విచ్‌లు వేరుగా కొనిపించాం. ప్రతి నోడ్ నుంచి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు వేర్వేరు సబ్‌నెట్‌లు, స్విచ్‌లకి వేర్వేరు యూపీఎస్‌లు. ఉన్నవి రెండు నోడ్లే కదా, మధ్యలో స్విచ్ దేనికి, నేరుగా కేబుల్ వేసేద్దాం అని ఒకరు సలహా ఇచ్చారు. ఒరాకిల్ దాన్ని సపోర్ట్ చేయదు. అవతలి సర్వర్ ఆగితే ఇవతలి కార్డులో లింక్ కూడా పోతుంది, అప్పుడు తప్పు ఎటువైపు ఉందో తేల్చడం కష్టమవుతుంది.

అప్లికేషన్లు క్లస్టర్‌కి కనెక్ట్ అయ్యే ఒకే పేరు స్కాన్. దానికి మూడు ఐపీ అడ్రసులు ఇచ్చి, పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌లో రౌండ్ రాబిన్‌గా, అంటే వంతులవారీగా తిరిగేలా పెట్టాలి. ఆసుపత్రిలో అసలు డీఎన్‌ఎస్ సర్వరే లేదు. పాతవాళ్లు హోస్ట్స్ ఫైల్లో ఒక్క అడ్రసు రాసి సరిపెట్టారు. ఒక చిన్న వర్చువల్ మెషీన్ మీద డీఎన్‌ఎస్ పెట్టించాం, దానికి తోడుగా ఇంకొకటి. టైమ్ విషయంలోనూ ఇలాగే ఉంది. రెండు నోడ్ల గడియారాలూ కలవడం లేదు, గడియారాన్ని సరిచేసే క్రోనీ సర్వీసు ఒకదాంట్లో ఆగిపోయి ఉంది. క్లస్టర్ వెరిఫికేషన్ యుటిలిటీ నడిపితే ఇవన్నీ ఎర్రగా వచ్చాయి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు కూడా వచ్చే ఉంటాయి. అక్కడ 'ఇగ్నోర్ ఆల్' అని ఒక టిక్కు గడి ఉంటుంది. దాన్ని నేను ముట్టుకోను. ఒక హెచ్చరికను వదిలేయాలంటే అదేమిటో, ఎందుకు వదిలేస్తున్నామో ఒక లైను రాసి, సంతకం పెట్టి వదిలేయాలి. ఆసుపత్రి ఐటీ కుర్రాడికి అదే అలవాటు చేశాను.

ఏఎస్ఎంలో మూడు డిస్క్ గ్రూపులు చేశాం. డేటాకి ఒకటి, బ్యాకప్‌లు ఉండే ఫాస్ట్ రికవరీ ఏరియాకి ఒకటి. ఈ రెండూ ఎక్స్‌టర్నల్ రిడండెన్సీ, అంటే ఏఎస్ఎం అదనపు నకలు ఉంచదు, ఎందుకంటే కింద సాన్‌లో డిస్కు పాడైనా డేటాని నిలిపే రెయిడ్ ఎలాగూ ఉంది. క్లస్టర్ వివరాలుండే ఓసీఆర్‌కి, ఏ నోడ్ బతికుందో తేల్చే ఓటింగ్ డిస్కులకి మాత్రం మూడు చిన్న లన్‌లతో (సాన్ ఇచ్చే డిస్కు ముక్కలు) నార్మల్ రిడండెన్సీ, అంటే ఏఎస్ఎం నకళ్లు ఉంచుతుంది. నోడ్ బతికుండాలంటే ఓటింగ్ డిస్కుల్లో సగానికి మించి కనపడాలి, అందుకే వాటి సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉంటుంది. మూడూ ఒకే స్టోరేజీ పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఒక లన్ పాడైతే కాపాడతాయి, పెట్టె మొత్తం పోతే కాపాడలేవు. ఈ మాట యాజమాన్యానికి రాతపూర్వకంగానే ఇచ్చాను.

ఇక పాతవాళ్ల పని ఎక్కడ ఆగిందో డీబీసీఏ లాగుల్లో దొరికింది. ఒరాకిల్ బేస్ కింద సీఎఫ్‌జీటూల్‌లాగ్స్ అనే ఫోల్డరులో డీబీసీఏ ప్రతి అడుగూ రాసిపెడుతుంది. ఓఆర్‌ఏ-15025, అంటే డిస్కుని తెరవలేకపోయాను అని. దానికి వాళ్లు కనిపెట్టిన మందు డిస్కు డివైజులకి ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అని పర్మిషన్ ఇచ్చేయడం. పేషెంట్ల రికార్డులుండే డిస్కు అది! పైగా సర్వర్ రీబూట్ అయితే డివైజులకి పర్మిషన్లు పెట్టే యూడెవ్ రూల్స్ వాటిని మళ్లీ మొదటికి తెస్తాయి, కథ మళ్లీ మామూలే. అసలు కారణం వేరే ఉంది. గ్రిడ్‌కి ఒక యూజర్, డేటాబేస్‌కి ఒక యూజర్ విడివిడిగా పెట్టినప్పుడు డేటాబేస్ హోమ్‌లో ఉన్న 'ఒరాకిల్' అనే ప్రోగ్రామ్ ఫైలు గ్రూపు ఏఎస్ఎంఅడ్మిన్ అయి ఉండాలి, అనుమతులు 6751 ఉండాలి. ఇక్కడ గ్రూపు ఓఐఇన్‌స్టాల్ అని ఉంది. గ్రిడ్ యూజర్‌గా లాగిన్ అయి, గ్రిడ్ హోమ్‌లోని సెట్‌ఏఎస్ఎంజిడ్‌ర్యాప్ అనే చిన్న స్క్రిప్టుకి ఆ ఫైలు దారి ఇచ్చి నడిపితే సరైపోతుంది. రెండు నోడ్లలోనూ నడిపాం, డిస్కుల పర్మిషన్లు వెనక్కి తెచ్చాం. ర్యాక్ కడుతుంటే స్టోరేజీ తెర దగ్గర ఇబ్బంది వస్తే మొదట చూడాల్సింది ఈ ఫైలునే.

తెరలు

డీబీసీఏని నేను వీఎన్‌సీలో తెరుస్తాను. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నేరుగా మన ల్యాప్‌టాప్ మీదకి కిటికీ తెప్పించుకోవచ్చు, కానీ మన వైపు నెట్ పోయిందంటే డేటాబేస్ సగంలో ఆగుతుంది. వీఎన్‌సీలో అయితే కిటికీ సర్వర్ మీదే బతికుంటుంది, మళ్లీ కలుపుకుని చూసుకోవచ్చు.

మొదట క్రియేషన్ మోడ్. టిపికల్ వద్దు, అడ్వాన్స్‌డ్ ఎంచుకోవాలి. నేను చెప్పబోయే నిర్ణయాల్లో చాలావాటిని టిపికల్ మనల్ని అడగదు. తర్వాతి తెరలో ర్యాక్ డేటాబేస్, కాన్ఫిగరేషన్ రకం అడ్మిన్ మేనేజ్డ్. పాలసీ మేనేజ్డ్ అంటే సర్వర్లని పూల్స్‌గా చేసి ఏ ఇన్‌స్టాన్స్ (ఒక నోడ్ మీద నడిచే డేటాబేస్ ప్రోగ్రామ్) ఎక్కడ లేవాలో క్లస్టర్‌కే వదిలేయడం. పది నోడ్లుంటే దానికో అర్థం ఉంటుంది, ఉన్న రెంటిలో దేని మీద ఏది నడుస్తుందో మన చేతిలో ఉండటమే మంచిది.

"అన్నా, టెంప్లేట్ జనరల్ పర్పస్ పెట్టేద్దామా, కస్టమ్ పెట్టాలా?" అని ఐటీ కుర్రాడు అడిగాడు. పట్టుచీరలు నేసే దేవాంగుల కుటుంబం నుంచి చదువుకుని వచ్చిన కుర్రాడు, దేనికైనా ముందు కారణం అడుగుతాడు. జనరల్ పర్పస్‌లో డేటా ఫైళ్లు ముందే తయారై ఉంటాయి, వాటిని దించేసుకుంటుంది కాబట్టి త్వరగా అయిపోతుంది. బ్లాక్ సైజు 8 కేబీ, మార్చనివ్వదు. కస్టమ్‌లో మార్చొచ్చు కానీ కేటలాగ్ (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే టేబుళ్లు) మొత్తం మొదటినుంచి కట్టాలి, చాలా సేపు పడుతుంది. రోజంతా చిన్న చిన్న బిల్లులు, రిపోర్టులు నడిచే ఆసుపత్రికి 8 కేబీ సరిగ్గా సరిపోతుంది. కాబట్టి జనరల్ పర్పస్.

నోడ్స్ తెరలో రెండింటికీ టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. పేరు తెరలో హెచ్‌ఐఎస్ అని ఇచ్చాం, ఇన్‌స్టాన్స్‌లు హెచ్‌ఐఎస్1, హెచ్‌ఐఎస్2 అవుతాయి. పేరు తర్వాత మార్చడానికి దారి ఉంది గానీ క్లస్టర్‌లో ఆ దారిన పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే పేరులో ఊరినీ, సంవత్సరాన్నీ, వెర్షన్‌నీ పెట్టొద్దంటాను. ఇదే తెరలో కంటైనర్ డేటాబేస్ గడి ఉంటుంది, అంటే లోపల పీడీబీలనే విడి డేటాబేస్‌లు పెట్టుకోగలిగేది. 19సీలో మల్టీటెనెంట్ లైసెన్సు లేకుండానే మనం సృష్టించుకునే పీడీబీలు మూడు వరకు పెట్టుకోవచ్చు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, ల్యాబ్ మెషీన్ల డేటాకి ఒకటి పెట్టి, మూడోది ఖాళీగా ఉంచాం. 21సీ నుంచి కంటైనర్ కాని డేటాబేస్‌కి సపోర్టే లేదు, కాబట్టి ఇప్పుడు టిక్కు పెట్టకపోతే రేపు మార్పిడి పని నెత్తిన పడుతుంది.

స్టోరేజీ, రికవరీ ఏరియా తెరల్లో డిస్క్ గ్రూపులు ఎంచుకుని, మార్పుల లాగుల్ని దాచిపెట్టే ఆర్కైవింగ్‌కి టిక్కు పెట్టి ముందుకు వెళ్లాం. ఆర్కైవింగ్ తర్వాత కూడా పెట్టుకోవచ్చు, డేటాబేస్ ఒకసారి ఆపాల్సి వస్తుంది అంతే.

అసలు ఆగాల్సిన చోటు దాని తర్వాతే వచ్చింది, కాన్ఫిగరేషన్ ఆప్షన్స్‌లో క్యారెక్టర్ సెట్స్ ట్యాబ్. పాత డేటాబేస్ డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252లో ఉండేది. అది పడమటి యూరప్ భాషల కోసం చేసిన ఒక బైటు క్యారెక్టర్ సెట్. అందులో తెలుగు గానీ ఒడియా గానీ దాచడం కుదరదు. అందుకే పేషెంట్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్లు కొట్టుకుంటూ వచ్చారు. ఒకే మనిషి మూడు స్పెల్లింగులతో మూడు కొత్త రిజిస్ట్రేషన్లుగా పడి, పాత రిపోర్టు దొరక్క మళ్లీ రక్తం తీసిన సందర్భాలున్నాయని ల్యాబ్‌వాళ్లు చెప్పారు. సమ్మతి పత్రాలు ఒడియాలో, తెలుగులో ప్రింట్ కావాలన్నది ఆసుపత్రి కోరిక కూడా. 19సీ డీబీసీఏలో ఈ భాషలన్నీ పట్టే ఏఎల్32యూటీఎఫ్8 డిఫాల్ట్‌గానే వస్తుంది. "పాత డేటాబేస్ ఎలా ఉందో అలాగే పెట్టండి, మాకు టెన్షన్ ఉండదు" అని సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఈ ఒక్క గడి విషయంలో ఎంతసేపైనా వాదిస్తాను, ఎందుకంటే వేల రికార్డులు చేరాక దీన్ని మార్చడమంటే డేటా మొత్తాన్నీ పరిశీలించి మార్పిడి చేసే పెద్ద పని.

వాళ్ల టెన్షన్‌కి కారణం లేకపోలేదు. యూటీఎఫ్8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు గానీ ఒడియా గానీ ప్రతి గుర్తూ మూడు బైట్లు. గుర్తు అంటే కంటికి కనిపించే అక్షరం అనుకోకూడదు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'పర్లాకిమిడి' అన్న ఊరి పేరే తీసుకోండి. ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి. మొత్తం 11 గుర్తులు, 33 బైట్లు. పాత టేబుల్లో ఊరి పేరు గడి 30 అని ఉంది, అది 30 బైట్లు. ట్రయల్‌లో మొదటి తెలుగు చిరునామా కొట్టగానే ఓఆర్‌ఏ-12899 వచ్చింది: ఉన్నది 33, పట్టేది 30. దీనికి రెండు మందులున్నాయి. ఎన్‌ఎల్‌ఎస్ లెంగ్త్ సెమాంటిక్స్ అనే పారామీటర్‌ని డేటాబేస్ మొత్తానికీ క్యార్‌గా, అంటే పొడవుని బైట్లలో కాకుండా గుర్తుల్లో లెక్కించేలా, మార్చేయడం ఒకటి, దాన్ని ఇన్‌స్టాన్స్ స్థాయిలో మార్చొద్దని ఒరాకిల్ చెబుతుంది. టేబుళ్ల నిర్వచనాల్లోనే '60 క్యార్' అని స్పష్టంగా రాసుకోవడం రెండోది. మేం రెండోదే చేశాం. ఖాళీ టేబుళ్లని ముందుగా క్యార్ నిర్వచనాలతో కట్టి, వాటిలోకి డేటా పంప్‌తో పాత రికార్డులు దించాం. పాత డేటాలో అక్కడక్కడ ఉన్న డిగ్రీ గుర్తు, సగం గుర్తు లాంటివి కూడా యూటీఎఫ్8లో ఒక బైటుకి మించి తింటాయి, కాబట్టి ఒక్క తెలుగు అక్షరం లేని టేబుళ్లలోనూ ఈ జాగ్రత్త పనికొచ్చింది.

మెమరీ సంగతి క్లుప్తంగా. ఆటోమేటిక్ షేర్డ్ మెమరీ పెట్టాం, ఒక్కో నోడ్‌లో ఎస్‌జీఏ (ఇన్‌స్టాన్స్ వాడే షేర్డ్ మెమరీ) 48 జీబీ. లైనక్స్‌లో మెమరీని పెద్ద ముక్కలుగా ఇచ్చే 2 ఎంబీ హ్యూజ్ పేజీలు వాడాలంటే దానికి 24,576 పేజీలు, ఇంకొంచెం పైన. లైనక్స్ తనంతట తాను చేసే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు ఆపేశాం. ఇవన్నీ తర్వాత మార్చుకోగలిగేవే. సైజింగ్ ట్యాబ్‌లో ప్రాసెసెస్ దగ్గర మాత్రం ఒక ఆలోచన చేయాలి. మామూలు రోజున ఒక్కో నోడ్ మీద 300 కనెక్షన్లు ఉంటాయనుకుంటే, ఒక నోడ్ పడిపోయిన రోజున ఆ 600 ఒకే నోడ్ మీదకి వస్తాయి, వాటితోపాటు ఒరాకిల్ సొంత ప్రాసెసులు ఉండనే ఉన్నాయి. విలువ 300 దగ్గర ఉంటే క్లస్టర్ ఉండి కూడా ఆ రోజు సగంమంది బయటే నిలబడతారు. 1000 పెట్టాం. సీపీయూ విషయంలోనూ ఇదే లెక్క, రెండు నోడ్లూ రద్దీ వేళలో సగం కంటే తక్కువ వాడుతుండాలి.

క్రియేషన్ ఆప్షన్స్‌లో డేటాబేస్‌తోపాటు స్క్రిప్టులు కూడా తయారు చేయమని టిక్కు పెట్టాలి. అక్కడే కస్టమైజ్ స్టోరేజీలో ప్రతి మార్పునీ రాసిపెట్టే రీడో లాగులు కనిపిస్తాయి. ర్యాక్‌లో ప్రతి ఇన్‌స్టాన్స్‌కీ తన సొంత రీడో థ్రెడ్ (రీడో లాగుల వరుస), మార్పుని వెనక్కి తిప్పడానికి పాత విలువలుంచే సొంత అన్‌డూ టేబుల్‌స్పేస్ ఉంటాయి. రీడో లాగు డిఫాల్ట్ సైజు 200 ఎంబీ, పొద్దున ఓపీ రద్దీలో అవి చకచకా నిండిపోతాయి. 1 జీబీ చేసి థ్రెడ్‌కి మూడు గ్రూపులు పెట్టాం. సమ్మరీ తెరలో రెస్పాన్స్ ఫైల్ సేవ్ చేసుకున్నాం. డేటాబేస్ మళ్లీ కట్టాల్సి వస్తే తెరలేవీ లేకుండా ఆ ఫైలుతో సైలెంట్ మోడ్‌లో కట్టొచ్చు. ఎవరు ఏ గడిలో ఏం పెట్టారన్న వాదన వచ్చినా జవాబు అందులోనే దొరుకుతుంది.

బిల్లు నంబర్ల గొడవ

ట్రయల్ నడుస్తుండగా ఫార్మసీ అకౌంట్స్ చూసే మేడమ్ ప్రింటవుట్ పట్టుకుని వచ్చారు. "బాబూ, 4121 తర్వాత 4141 ఎందుకొచ్చింది? మధ్యలో పంతొమ్మిది బిల్లులేవి?"

ఆవిడ అడిగింది ర్యాక్‌కి కొత్తగా వచ్చే ప్రతి సంస్థా అడగాల్సిన ప్రశ్న. కొత్త నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ డిఫాల్ట్‌గా 20 నంబర్లు కాష్ చేస్తుంది, అంటే ముందే తీసి పెట్టుకుంటుంది, అదీ ఏ ఇన్‌స్టాన్స్‌కి ఆ ఇన్‌స్టాన్స్ విడిగా. మొదటి నోడ్ దగ్గర 4121 నుంచి 4140 వరకు, రెండో నోడ్ దగ్గర 4141 నుంచి. బిల్లు ఏ నోడ్‌కి వెళ్తే ఆ నంబరు. ఇన్‌స్టాన్స్ కూలిపోతే కాష్‌లో మిగిలినవి పోతాయి కూడా. ఒకే సర్వర్ ఉన్నప్పుడు ఈ ఖాళీలు అరుదుగా కనిపించేవి, ఇప్పుడు రోజూ కనిపిస్తాయి. మందుల బిల్లు మీద జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబరు వరుసగా ఉండాలన్నది సీజీఎస్టీ నిబంధన 46లో ఉన్న మాట, కాబట్టి మేడమ్ కంగారు సబబే.

సాఫ్ట్‌వేర్ వాళ్లు సీక్వెన్స్‌కి ఆర్డర్, నోకాష్ (వరుసగా ఇవ్వు, ముందే తీసి పెట్టుకోకు) పెట్టేద్దామన్నారు. అలా చేస్తే ప్రతి నంబరుకీ రెండు నోడ్లూ ఒకదాని కోసం ఒకటి ఆగాలి. పైగా ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, అంటే మధ్యలో రద్దయితే, ఖాళీ ఎలాగూ పడుతుంది. సీక్వెన్స్ ఇచ్చేది మళ్లీ రాని నంబరు, వరుస తప్పని నంబరు ఇస్తానని అది ఎప్పుడూ చెప్పలేదు. చివరికి పని ఇలా విడగొట్టాం. లోపల రికార్డుల గుర్తింపు నంబర్లకి సీక్వెన్సే, కాష్ 20 నుంచి 1000కి పెంచాం. ఇన్‌వాయిస్ నంబరు మాత్రం ఒక చిన్న కౌంటర్ టేబుల్ నుంచి, బిల్లు ఖరారు చేసే ట్రాన్సాక్షన్‌లోనే, ఆ టేబుల్‌లోని అడ్డువరుసని (రో) లాక్ చేసి తీసుకుంటుంది. ఒక్కో బిల్లింగ్ కౌంటర్‌కి ఒక సిరీస్ ఇచ్చాం, పర్లాకిమిడి శాఖకి, గుణుపురం శాఖకి వేరే సిరీస్‌లు, దాంతో లాక్ కోసం ఎదురుచూపులు తగ్గాయి.

దీనికి తోడు సర్వీసులు, అంటే అప్లికేషన్ డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే పేర్లు. డీబీసీఏ డేటాబేస్ పేరుతో తయారు చేసే డిఫాల్ట్ సర్వీసుని అప్లికేషన్‌కి ఇవ్వకూడదు. ఎస్‌ఆర్‌వీసీటీఎల్ కమాండ్‌తో సొంత సర్వీసులు చేశాం. బిల్లింగ్‌కి మొదటి నోడ్ ప్రిఫర్డ్, అది పోతే వాడుకోవడానికి రెండోది అవైలబుల్. ల్యాబ్‌కి, డయాలసిస్ షెడ్యూల్‌కి తిరగేసి. ఒకే టేబుల్‌ని రెండు నోడ్లూ ఒకేసారి కెలికితే ఆ బ్లాక్ ఇంటర్‌కనెక్ట్ మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, పనిని ఇలా పంచితే ఆ తిరుగుడు చాలా తగ్గుతుంది.

తీగ పీకి చూడటం

అప్పగించే ముందు ఒక ఆదివారం, డయాలసిస్ షిఫ్టుల మధ్య ఖాళీ చూసుకుని, యాజమాన్యాన్ని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షలు చేశాం. మొదటి నోడ్ కరెంటు పీకేశాం. బిల్లింగ్ సర్వీసు రెండో నోడ్ మీద లేచింది. అప్పటికి కొడుతున్న బిల్లు మాత్రం స్క్రీన్ మీద ఎర్రర్ ఇచ్చి ఆగింది, రెండోసారి నొక్కితే వెళ్లింది. దీన్ని దాచకూడదు. పడిపోయిన ఇన్‌స్టాన్స్ మీద కమిట్ కాని పని రోల్‌బ్యాక్ అవుతుంది, అప్లికేషన్ మళ్లీ కనెక్ట్ అయి మళ్లీ అడగాలి. "క్లస్టర్ ఉంటే ఏమీ తెలియదు" అని అమ్మేటప్పుడు చెప్పిన మాట యాజమాన్యం బుర్రలో ఉండిపోయింది, అందుకే వాళ్ల కళ్లతోనే చూపించాను.

తర్వాత ఒక ఇంటర్‌కనెక్ట్ స్విచ్ ఆపాం. ఏమీ కాలేదు, ట్రాఫిక్ రెండో దానిమీదకి వెళ్లింది. రెండూ ఆపితే ఒక నోడ్ బయటికి పోయింది, మిగిలిన నోడ్ పని చేసింది. స్విచ్‌లు తిరిగి పెట్టాక క్లస్టర్ స్టేటస్‌లో అన్నీ ఆన్‌లైన్ అని వచ్చాక సర్వీసులని చేత్తో వాటి స్థానాలకి పంపాం. మొదటి నోడ్ కోలుకున్నంత మాత్రాన బిల్లింగ్ దానంతట అది వెనక్కి పోదు. పగటిపూట దాన్ని కదపొద్దని, రాత్రి పది దాటాకే రీలొకేట్ చేయాలని గోడమీద కాగితంలో రాసి అంటించాం.

తుపాను సంగతి

ఇంతవరకు చేసిందంతా ఒక సర్వర్ పోతే కాపాడుతుంది. రెండు సర్వర్లూ ఒకే గదిలో, ఒకే స్టోరేజీ మీద ఉన్నాయి. బరంపురంలో ఉన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, గోపాలపూర్ ఈ ఊరికి పక్కనే.

స్టాండ్‌బైని విశాఖపట్నంలో పెడదామని మొదట అనుకున్నారు. అక్కడ వాళ్లకి తెలిసిన డేటా సెంటర్ ఉంది, మనుషులు వెళ్లి రావడం సులువు. నేను మూడు తేదీలు బోర్డు మీద రాశాను. 2013 అక్టోబర్ 12, ఫైలిన్, గోపాలపూర్. సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్, విశాఖపట్నం. 2018 అక్టోబర్ 11, తిత్లీ, పలాస దగ్గర, రెండు ఊళ్లకీ మధ్యలో. తిత్లీకి గజపతి జిల్లా కొండల్లో జరిగిన నష్టం పర్లాకిమిడి శాఖవాళ్లకి ఇంకా గుర్తుంది. ఒకే తీరం మీద ఉన్న రెండు ఊళ్లని ఒకదానికొకటి దన్నుగా పెట్టుకోవడం నాకు మనస్కరించలేదు. సముద్రానికి దూరంగా హైదరాబాద్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారు.

అక్కడ ర్యాక్ అవసరం లేదు, ఒకే సర్వర్ మీద మామూలు ఇన్‌స్టాన్స్ చాలు, స్టాండ్‌బైకి మార్పులు పంపే డేటా గార్డ్ దానికి అభ్యంతరం చెప్పదు. ప్రైమరీలో, అంటే బరంపురం డేటాబేస్‌లో, ప్రతి మార్పూ రీడోలో పడేలా ఫోర్స్ లాగింగ్ పెట్టి, ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ సాధనంతో నకలు తీసి, మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో కలిపాం, అంటే ఇక్కడి బిల్లు అక్కడి జవాబు కోసం ఆగదు. లింక్ తెగే సమయానికి అక్కడికి చేరని చివరి కొద్ది సెకన్ల పని పోయే అవకాశం ఉందని యాజమాన్యంతో ఒప్పందంలోనే రాశాం. రీడో రెండు థ్రెడ్ల నుంచీ వెళ్తుంది కాబట్టి స్టాండ్‌బై రీడో కూడా రెండు థ్రెడ్లకీ ఉండాలి, ఆన్‌లైన్ గ్రూపుల కంటే ఒకటి ఎక్కువ. అంటే థ్రెడ్‌కి 4 చొప్పున మొత్తం 8 గ్రూపులు, ఒక్కోటి అదే 1 జీబీ.

స్విచోవర్ డ్రిల్, అంటే పనిని హైదరాబాద్ స్టాండ్‌బైకి మార్చి చూసే కసరత్తు, ఏటా సెప్టెంబర్‌లో, తుపానుల నెలకి ముందే చేయాలని నిర్ణయించాం. ఆ రోజు మొదటి బిల్లు బరంపురంలో కొట్టరు, పర్లాకిమిడి కౌంటర్ నుంచి కొడతారు. చిరునామా తెలుగులో కొట్టి, ఇన్‌వాయిస్ నంబరు వరుసలోనే వచ్చిందో లేదో అకౌంట్స్ మేడమ్ చూసి సంతకం పెట్టాకే డ్రిల్ పూర్తయినట్టు లెక్క.